విషయం: వేసవి సెలవుల్లో క్లాసులు – ఐదోసారి రాస్తున్న ఫిర్యాదు

కస్టమర్ కేర్ విభాగం వారికి (అలాంటిదొకటి నిజంగా ఉంటే),

మా పాప మీ స్కూల్లో ఏడో తరగతి పూర్తిచేసింది. వేసవి సెలవులు ఇచ్చినట్టే ఇచ్చి, నాలుగో రోజునుంచే బ్రిడ్జ్ కోర్సని మళ్లీ పిలిచారు. అది మంచిదా కాదా అన్నది తర్వాత. ఆ ఒక్క మాట అడిగినందుకు నన్ను ఎంత తిప్పారో ముందు వినండి.

బ్రాంచ్‌కి వెళ్తే ప్రిన్సిపాల్ గారు మీటింగ్‌లో ఉన్నారన్నారు. గంటన్నర కూర్చున్నాక బయటికొచ్చి, నిలబడే, "మా చేతుల్లో ఏం లేదండీ, పైనుంచి ఆర్డర్" అనేసి వెళ్లిపోయారు. హెడ్డాఫీసుకి ఫోన్ చేస్తే "అది బ్రాంచ్ వాళ్ల ఇష్టం మేడమ్" అన్నారు. మళ్లీ బ్రాంచ్‌కి చేస్తే ఈమెయిల్ పెట్టమన్నారు. మూడు పెట్టాను. మూడింటికీ ఒకటే జవాబు: "మీ అభిప్రాయం మాకు అమూల్యం."

కాల్ సెంటర్ అబ్బాయి "కొత్త అడ్మిషనా మేడమ్?" అని ఎంతో తీయగా అడిగాడు. కాదనగానే గొంతు మారిపోయింది. విశ్రాంతి, ఆటలు పిల్లల హక్కని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 31వ ఆర్టికల్ చెబుతోందన్నాను. "ఆర్టికల్ నంబర్ కాదు మేడమ్, అడ్మిషన్ నంబర్ చెప్పండి" అన్నాడు. చెప్పాను. 22 నిమిషాలు లైన్లో ఉంచి మీ స్కూల్ పాట వినిపించాడు. నాకది నోటికొచ్చేసింది. తర్వాత లైన్ కట్. సాయంత్రానికి మెసేజ్: "మీ ఫిర్యాదు పరిష్కారమైంది. మా సేవకు స్టార్లు ఇవ్వండి."

ఒక్క విషయంలో మాత్రం మీ చురుకుదనానికి దండం పెట్టాలి. జ్వరమొచ్చి పాపని ఒక్కరోజు మాన్పిస్తే, 8 గంటల 10 నిమిషాలకల్లా "మీ అమ్మాయి గైర్హాజరు" అని మెసేజొచ్చింది.

నా నాలుగో ఈమెయిల్‌కి 19 రోజుల తర్వాత ఎవరో మనిషే జవాబిచ్చారు. సెలవుల్లో పిల్లలు చదివింది మర్చిపోతారని పరిశోధనలు చెబుతున్నాయట. నేనూ చదివానండీ. 1996లో 39 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో, సగటున ఓ నెల చదువంత వెనకబడతారని, లెక్కల్లో ఇంకాస్త ఎక్కువని తేలింది. సరే. మరి మీరు చెప్పిస్తున్నది మర్చిపోయిన లెక్కలా? వచ్చే ఏడాది సోషల్ పాఠాల ప్రశ్నలూ జవాబులూ బోర్డు మీంచి ఎక్కిస్తున్నారు. పాప నోటుబుక్కులో చెమట చేతికి ఇంకు అలుక్కుపోయి, సగం జవాబులు నాకే అర్థం కాలేదు.

మా పెద్దబ్బాయి పదో తరగతిదాకా మీ దగ్గరే చదివాడు. ఎనిమిదేళ్లలో ఫీజు ఒక్కరోజు ఆలస్యం చేయలేదు. మా అక్క పిల్లలిద్దర్నీ చేర్పించింది కూడా నేనే. ఇప్పుడు ఆవిడకి మొహం చూపించలేకపోతున్నాను.

ఈ క్లాసులకి రావడం పిల్లల ఇష్టమని, రాకపోతే మార్కులు తగ్గించబోమని కాగితం మీద రాసివ్వండి. లేదా ఆపేయండి. కనీసం ఒక మనిషి చేత ఫోన్ చేయించండి. వారంలో ఏదీ జరక్కపోతే విద్యాశాఖకి వెళ్తాను, వినియోగదారుల ఫోరానికీ వెళ్తాను, పాప టీసీ కూడా తీసుకుంటాను. టీసీకి ఎవర్ని కలవాలో జవాబులోనే రాసేయండి. మళ్లీ ఆ పాట వినే ఓపిక నాకు లేదు.

ఇట్లు,
ఒక తల్లి
(అడ్మిషన్ నంబర్ మీ దగ్గర ఇప్పటికే ఐదుసార్లు ఉంది)