ఎండార్ఫిన్లు పెరిగితే నెలసరి సర్దుకుంటుందా?

సంపాదకుడికి,

మీ ఆదివారం అనుబంధం ఆరోగ్యం పేజీలో ఆనంద హార్మోన్ల మీద వచ్చిన వ్యాసం చదివి పది రోజులయింది. వెంటనే రాద్దామనుకున్నాను గానీ మనవరాలి బారసాల, వచ్చిపోయే చుట్టాలతో కుదరలేదు. ఈలోగా కోపం చల్లారితే వదిలేద్దాం లెమ్మనుకున్నాను. చల్లారలేదు. పైగా మొన్న మా వీధిలో ఒకావిడ ఆ పేజీ కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించుకుంది. ఇక రాయక తప్పలేదు.

నవ్వితే, నడిస్తే ఎండార్ఫిన్లు అనే ఆనంద హార్మోన్లు పెరుగుతాయట. అవి ఎంత పెరిగితే అంత మంచిదట. హార్మోన్లు బ్యాలెన్స్ అయిపోయి నెలసరి గడియారం కొట్టినట్టు వస్తుందట. హార్మోన్లను బ్యాలెన్స్ చేయడమేమిటో, కాటాలో పెట్టి తూస్తారేమో! నవ్వొద్దనీ నడవొద్దనీ నేననను. నేనూ రోజూ పొద్దున్నే నడుస్తాను. కానీ ఆ 'ఎంత పెరిగితే అంత మంచిది' అన్న మాటే పచ్చి తప్పు.

నేను డాక్టర్ని కాను. ఒక జిల్లా ఆసుపత్రి పెథాలజీ ల్యాబులో 31 ఏళ్లు స్లైడ్లు చేసి రిటైరయ్యాను. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను మైనంలో బ్లాకు కట్టడం, ఉల్లిపొర కంటే పల్చగా కోయడం, నీలం, గులాబీ రంగులు వేయడం మా పని. చదివి రిపోర్టు రాసేది డాక్టరుగారు. అన్నేళ్లు ఆ పక్కనే కూర్చుంటే మనకీ నాలుగు ముక్కలు తెలుస్తాయి.

గర్భాశయం లోపలి పొర ఒంట్లో దేనికీ లేనంత హడావుడి చేస్తుంది. బహిష్టు అయిపోయేసరికి ఒకటి రెండు మిల్లీమీటర్లే మిగులుతుంది. రెండు వారాలు తిరిగేసరికి దానికి ఎన్నో రెట్లు మందమవుతుంది. ఆ రోజుల్లో తీసిన ముక్కను మైక్రోస్కోపు కింద పెడితే గ్రంథులు తిన్నటి గొట్టాల్లా ఉంటాయి, ఎక్కడ చూసినా కణాలు రెండుగా చీలుతూ కనపడతాయి. ఇది అండాశయంలో తయారయ్యే ఈస్ట్రోజన్ అనే హార్మోను పని. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ అనే ఇంకో హార్మోను వస్తుంది. గొట్టాలు మెలికలు తిరిగి అంచులు రంపపు పళ్లలా అవుతాయి. చీలే కణాలు దాదాపు మాయం. ఇది నెలసరిలో ఎన్నో రోజో స్లైడు చూసి ఒకటి రెండు రోజుల తేడాతో చెప్పేసే డాక్టరమ్మ దగ్గర నేను పనిచేశాను.

వ్యవసాయం తెలిసినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. ఈస్ట్రోజన్ యూరియా లాంటిది. చేను ఏపుగా పెరుగుతుంది. అదొక్కటే చల్లుకుంటూ పోతే పైరు పెరిగి పెరిగి పడిపోతుంది, గింజ పట్టదు. ఆ పెరుగుడుకు అడ్డుకట్ట వేసి పొరను పక్వానికి తెచ్చేది ప్రొజెస్టిరాన్. పొరలో ఈస్ట్రోజన్ వచ్చి అతుక్కునే చోట్లను (గ్రాహకాలను) తగ్గిస్తుంది, ఉన్న ఈస్ట్రోజన్‌ను కూడా బలహీనం చేస్తుంది. అమెరికాలో ముట్లుడిగిన ఆడవాళ్లకు ఏళ్ల తరబడి ఒట్టి ఈస్ట్రోజన్ మాత్రలు ఇచ్చారు. వాళ్లలో గర్భాశయ పొర క్యాన్సర్ పెరిగిందని 1975 డిసెంబరులో బయటపడింది. ఆ తర్వాతే గర్భాశయం ఉన్నవాళ్లకు ప్రొజెస్టిరాన్ తరహా మందు కలిపి ఇవ్వడం మొదలైంది. పీసీఓడీ ఉండి నెలల తరబడి బహిష్టు రాకపోతే 'హాయిగా ఉంది' అనుకునే అమ్మాయిలకు మీ పేజీలో చెప్పాల్సింది ఇదీ. అండం విడుదల కాకపోతే ప్రొజెస్టిరాన్ రాదు, పొర మాత్రం పెరుగుతూనే ఉంటుంది. దీనికి మీ పేజీలో ఒక్క ముక్కా లేదు. పుట్టగొడుగుల సూపు మీద మాత్రం అర పేజీ!

ఇక ఎండార్ఫిన్ల సంగతి. ఇవి మన ఒంట్లోనే తయారయ్యే నల్లమందు లాంటివి. ఆ పేరు కూడా ఒంట్లోని మార్ఫిన్ అన్న అర్థంతోనే పెట్టారు. ఈ కుటుంబంలో మొదట దొరికింది ఎన్కెఫాలిన్. 1975లో స్కాట్లాండులోని అబర్దీన్‌లో హ్యూస్, కోస్టర్లిట్జ్ దాన్ని పంది మెదడులోంచి తీశారు. వీటికి నొప్పి తగ్గించడమొక్కటే పని కాదు. అండాశయాన్ని నడిపే ఆజ్ఞ మెదడులోంచి గంటకో గంటన్నరకో ఒకసారి చుక్క చుక్కగా వస్తుంది. ఈ సహజ నల్లమందులు ఆ చుక్కలను నెమ్మదింపజేస్తాయి. నెలసరి రెండో సగంలో అలా నెమ్మదించడం అవసరమే. అతి అయితే ఆజ్ఞే రాదు, అండం రాదు, బహిష్టు ఆగిపోతుంది. నల్లమందు నుంచే తయారయ్యే హెరాయిన్‌కు అలవాటుపడ్డ ఆడవాళ్లలో బహిష్టు ఆగిపోవడం డాక్టర్లకు ఎప్పటినుంచో తెలిసిన సంగతి. తిండి మానేసి విపరీతంగా పరుగులు తీసే అమ్మాయిలకు ఆగిపోవడంలో కూడా వీటికి పాత్ర ఉందంటారు. మరి 'ఎంత పెరిగితే అంత మంచిది' అని ఎవరు చెప్పారండీ మీకు?

అసలు ముచ్చట ఇంకోటుంది. ఎన్కెఫాలిన్ మెదడులోనే కాదు, గర్భాశయం పొరలో కూడా తయారవుతుంది. దాన్ని తయారుచేసే జన్యువు అక్కడ ఈస్ట్రోజన్‌ను బట్టి పనిచేస్తుందని కోతుల మీద పరిశోధనల్లో చూశారు. అమెరికాలో జాగన్, మెక్‌లాఫ్లిన్ అనే ఇద్దరు దీని మీదే దశాబ్దాలు పనిచేసి, ఇది కణాల చీలికను నెమ్మదింపజేస్తుందని చూపించి, 'ఓపియాయిడ్ గ్రోత్ ఫ్యాక్టర్' అని పేరు పెట్టారు. ఓపియాయిడ్ అంటే నల్లమందు తరహాది, గ్రోత్ అంటే పెరుగుదల. పేరులో గ్రోత్, పని మాత్రం గ్రోత్‌ను ఆపడం. మా ఆఫీసులో ప్రమోషన్ల సెక్షన్ గుర్తొచ్చింది నాకు.

ఇంత పని జరిగే చోటును మీ వ్యాసం చివరి పేరాలో ఏమన్నారో మళ్లీ చదవండి. పిల్లలు పుట్టాక గర్భసంచి పని అయిపోయినట్టేనట. ఒళ్లు మండిపోయింది నాకు. ఆ మాట ఫలితాన్ని నేను ల్యాబులో కొన్ని వందల డబ్బాల్లో చూశాను. బయటి నర్సింగ్ హోముల నుంచి తీసేసిన గర్భాశయాలను పచ్చడి డబ్బాల్లో పెట్టి, కుళ్లకుండా ఫార్మలిన్ మందు పోసి పంపేవాళ్లు. మూత తీస్తే జామకాయంత గర్భాశయం. వెంట చీటీ: వయసు 29, ఇద్దరు పిల్లలు, తెల్లబట్ట. కోసి స్లైడు చేస్తే తిన్నటి గొట్టాలు, చీలుతున్న కణాలు. ఆరోగ్యమైన పొర. రిపోర్టులో 'ప్రొలిఫరేటివ్ ఎండోమెట్రియం' అని రాసేవారు, అంటే ఆ రోజుకి ఎలా ఉండాలో అలాగే ఉందని. ఆ కాగితం చూసి ఆ పిల్లకి ఎవరు చెప్పుంటారు, అమ్మా నీకు ఏమీ లేదని? తీసేశాక చెప్పి మాత్రం ఏం లాభం. ఒక్కోసారి అండాశయాలు కూడా డబ్బాలోనే ఉండేవి. ముప్పైల్లోనే అవి పోతే ఒళ్లంతా ఆవిర్లు, ఎముకలు గుల్ల, గుండె జబ్బు భయం.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భాశయం తీసేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.2. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేనిలోనో ఒకదానిలో మనం ముందున్నాం, సంతోషించాలి కాబోలు! అనవసరంగా గర్భాశయం తీయకుండా 2022లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, జిల్లాకో పర్యవేక్షణ కమిటీ అంది. మూడు నెలల్లో అమలు చేయండని 2023 ఏప్రిల్లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. మా జిల్లా కమిటీలో ఎవరున్నారో కనుక్కుందామని వెళితే నన్ను మూడు టేబుళ్లు తిప్పారు. మూడో టేబుల్ ఆయన 'ఏ కమిటీ అండీ?' అని నన్నే అడిగాడు. 

ఇంతా చేసి ఆ వ్యాసం కింద ఏముందంటే, హార్మోన్ల సమతుల్యానికి లేహ్యం ప్రకటన. రెండూ ఒకే అక్షరాల్లో, ఒకే రంగులో. ఏది వార్తో ఏది వ్యాపారమో తెలియక నేనే కళ్లజోడు తుడుచుకున్నాను. ఒకప్పుడు మీ పేపర్లో తప్పొస్తే మర్నాడు మొదటి పేజీలో సవరణ వేసేవాళ్లు. ఇప్పుడు సవరణంటే తొమ్మిదో పేజీలో టెండర్ నోటీసుల మధ్య చీమ తలకాయంత.

ఈసారి మాత్రం ఆరోగ్యం పేజీలోనే, ఆ వ్యాసమంత సైజులోనే వేయండి. మా వీధి ఆవిడ ఫ్రిజ్ మీద కాగితం ఇంకా అలాగే ఉంది. దాన్ని పూర్తిగా కప్పేలా అంటించాలి.

ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
ఒంగోలు