వరండాలో నిలబెట్టి అడిగితే ఏం చెబుతారు?

ఎడిటర్ గారికి,

ఆశా వర్కర్ క్యాన్సర్ లక్షణాలు రాసుకునే ఫారం పట్టుకుని ఇంటికొచ్చి, అత్తగారూ మరిదీ వింటుండగా వరండాలోనే "రొమ్ములో గడ్డేమైనా తగులుతోందా, నెలసరి ఆగాక బ్లీడింగ్ అవుతోందా, భర్తతో కలిశాక రక్తం కనబడుతోందా" అని అడిగితే ఏ ఆడమనిషి నోరు విప్పుతుంది? "అబ్బే, నాకేం లేవు" అంటుంది. అదే టిక్కు పడిపోతుంది. తప్పు ఆశా అమ్మాయిదని అనను, రోజుకిన్ని ఇళ్లు తిరగాలని ఆమె నెత్తిన టార్గెట్ ఉంటుంది.

30 దాటిన ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు ప్రభుత్వం ఉచితంగానే చేస్తోంది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వార (సర్వైకల్) పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నది 1.9 శాతం, రొమ్ము పరీక్ష 0.9 శాతం! బీపీకి, షుగర్‌కి అయితే లైన్లో మనమే ముందుంటాం, లోపలికెళ్లి పడుకోమనేసరికి కొంగు దులుపుకుని "నొప్పేం లేదమ్మా, మళ్లీ వస్తా" అని లేచి వచ్చేస్తాం. చిక్కంతా అక్కడే. రొమ్ములో గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు, గర్భాశయ ముఖద్వారంలో మార్పులు క్యాన్సర్ కావడానికి ఏళ్లు పడుతుంది, అన్నాళ్లూ పైకి ఏమీ తెలియదు.

ఆ గర్భాశయ ముఖద్వార పరీక్షేమిటో ఎవరూ విడమరిచి చెప్పరు కాబట్టి భయం ఇంకాస్త. కోతా లేదు, కుట్టూ లేదు. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆసిడ్‌నే పలచగా కలిపి దూదితో అక్కడ అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తారు. తెల్లమచ్చ కనిపిస్తే పెద్దాసుపత్రికి పంపుతారు, మచ్చ ఉన్నంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. ముంబై బస్తీల్లో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు ఇదే పరీక్షను, డాక్టర్లతో కాదు, శిక్షణ ఇచ్చిన మామూలు ఆరోగ్య కార్యకర్తలతో చేయిస్తే, చేయని బస్తీలతో పోలిస్తే సర్వైకల్ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. మన ఏఎన్‌ఎమ్‌లు చేయలేనిదేం కాదు.

ఇక ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా, అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్‌ను అడ్డుకునే టీకా. 9 నుంచి 14 ఏళ్ల లోపు వేయిస్తే మంచిదంటారు. కానీ 2009లో ఖమ్మం జిల్లాలో ఏం జరిగింది? ఈ టీకా వేయడానికి చాలామంది పిల్లల తల్లిదండ్రులను అడక్కుండా హాస్టల్ వార్డెన్లతో సంతకాలు పెట్టించారు. తర్వాత కొందరు పిల్లలు చనిపోతే, విచారణలో అవి టీకా వల్ల కాదన్నారు గానీ, జనంలో పడ్డ అనుమానం ఊరికే పోతుందా?

అక్టోబర్ వస్తే రొమ్ము క్యాన్సర్ అవగాహన నెలంటూ గులాబీ రిబ్బన్లు, ర్యాలీలు, ఫొటోలు. ఆ డబ్బుతో ప్రతి సబ్ సెంటర్‌లో లోపల గడియ పడే గది ఒకటి చూపించండి, పరీక్ష చేసేది ఆడవాళ్లేనని బయట బోర్డు పెట్టండి. డ్వాక్రా మీటింగ్ రోజునే పెడితే పదిమందీ కలిసే వెళ్తారు, ఒక్కదాన్నే వెళ్లాలంటే ఎవరికైనా సిగ్గే. మగవాళ్లు ఆ పూట పిల్లల్ని చూసుకుంటే చాలు. ఫారంలో టిక్కుల లెక్క మాకొద్దు, నిజంగా పరీక్ష ఎంతమందికి చేశారో నెలనెలా సబ్ సెంటర్ గోడ మీద రాయించండి.

ఒక పాఠకురాలు, తెనాలి