వార్షిక నివేదిక 2024–25
(సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది)

అధ్యక్షులవారికి, కార్యవర్గానికి, గాడిదలతో ఇసుక, ఇటుక తోలుకుంటూ బతికే సభ్యులందరికీ నమస్కారం. మన గాడిదల బాగు కోసం పెట్టుకున్న ఈ సంఘం గురించి మీకు మళ్లీ చెప్పనక్కర్లేదు కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోదగ్గది మే 8న, అంతర్జాతీయ గాడిదల దినం నాడు, ఏటి ఒడ్డున జరిపిన వైద్య శిబిరం. తెల్లవారుజామునే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించాం. బరువు మోసే పశువులను హింసించకుండా కేంద్రం 1965లో పెట్టిన నిబంధనల ప్రకారం ఎండ 37 డిగ్రీలు దాటేచోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పశువు చేత బరువు మోయించకూడదు. రోజు మొత్తం మీద పని తొమ్మిది గంటలు మించకూడదు, ఏకబిగిన ఐదు గంటలకు మించి చేయించకూడదు. ఇవన్నీ ఊరందరికీ చెప్పే మనమే శిబిరం పేరుతో గాడిదలను ఎండలో నిలబెడితే ఏం బాగుంటుంది?

శిబిరంలో కడుపులో పురుగులు పోయేందుకు నట్టల మందు తాగించాం, గిట్టలు చెక్కించాం, ధనుర్వాతం టీకా వేయించాం. ఈ టీకా రెండో డోసు నాలుగు నుంచి ఆరు వారాల్లో పడాలి, ఆ తర్వాత ఏడాదికొకటి. మొదటి డోసుకు తోసుకుంటూ వచ్చినవాళ్లలో చాలామంది రెండోదానికి మొహం చూపించలేదు. నైలాన్ తాడుతో ముందరికాళ్ల బంధం వేస్తే చర్మం కోసుకుపోతుంది, ఆ పుండులోకి పేడ, మట్టి చేరితే ధనుర్వాతానికి దారి ఇచ్చినట్టే. బంధం వేయక తప్పదనుకుంటే మూడు వేళ్ల వెడల్పు నూలు పట్టీ వాడండి, రాత్రికి విప్పేయండి.

గిట్టలు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించాలి. గాడిద గిట్ట గుర్రం గిట్టకన్నా నిటారుగా ఉంటుంది. గుర్రాలకు అలవాటుపడ్డ చేతులు దాన్నీ అదే వాలుకు ఆకురాయి పట్టేస్తాయి, దాంతో కాలు కుంటుపడుతుంది. బట్టీల దగ్గర తడి బంకమట్టిలో నిలబడేవాటికి గిట్ట అడుగు కుళ్లి నల్లగా, కంపుగా అవుతుంది. రోజూ సాయంత్రం గిట్టలో ఇరుక్కున్న మట్టి తీసి, పొడి నేల మీద కట్టేస్తే సగం బాధ తప్పుతుంది. పుండ్లకు ఇంజన్ ఆయిల్ పూయడం, కుంటుతుంటే వాతలు పెట్టడం, ఆయాసం రాకుండా ముక్కుపుటాలు చీల్చడం ఇకనైనా మానండి. వీటిలో ఒక్కటీ పనిచేయదు సరికదా, ఉన్న బాధకు ఇంకో బాధ తోడవుతుంది. అర లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు కలిపి పుండు కడిగితే చాలు. పురుగు పడితే మాత్రం డాక్టరుగారి దగ్గరికే.

మందులకన్నా ఎక్కువ మేలు చేసింది వీపున వేసే బొంతలు, ఇసుక మోసే డబ్బాల పని. ఖాళీ యూరియా సంచి మడిచి వీపున వేస్తే చెమట పీల్చదు, వీపు ఉడుకుతుంది. మనం కుట్టించిన బొంతకు అడుగున నూలు గుడ్డ, లోపల వరిగడ్డి. రెండు దిండ్లుగా కుట్టి, నడుమ వెన్నుపూస మీద నాలుగు వేళ్ల ఖాళీ వదిలాం. బరువు పక్కటెముకల మీద పడాలి గానీ వెన్ను మీద కాదు. కొన్ని వారాలకే గడ్డి అణిగి ఆ ఖాళీ పూడుకుపోతుంది. అప్పుడు విప్పి కొత్త గడ్డి కూరకపోతే బొంత ఉన్నా లేనట్టే. తనిఖీలో కనబడ్డ పాత పుండ్లన్నీ సరిగ్గా ఆ గడ్డి అణిగిన చోటే.

ఇక డబ్బాలు. నిబంధనల ప్రకారం గాడిద మోయాల్సింది 50 కిలోలు మించకూడదు. 15 కిలోల నూనె డబ్బా నిండా తడి ఇసుక పోస్తే దాదాపు 30 కిలోలు తూగుతుంది, అంటే అటొకటి ఇటొకటి కలిపి 60. అందుకే డబ్బా లోపల ముప్పాతిక ఎత్తులో ఎర్ర రంగు గీత కొట్టించాం. గీత దాకా పోస్తే జత 45 కిలోలే. మేస్త్రీలు ట్రిప్పు లెక్కన కూలి ఇస్తున్నంతకాలం గీత దాటించే ఆశ పోదు, అది మనకూ తెలుసు. డబ్బా లెక్కన కాక తూకం లెక్కన కూలి ఇవ్వమని వాళ్లతో మాట్లాడుతున్నాం.

2019 పశుగణన ప్రకారం దేశంలో మిగిలినవి దాదాపు 1.2 లక్షల గాడిదలే. 2012తో పోలిస్తే 61 శాతం తగ్గాయి. మాంసం కోసం రాత్రిపూట ఎత్తుకుపోయేవాళ్లు మన రాష్ట్రంలోనూ ఉన్నారు. ఆహార భద్రతా నియమాల్లో గాడిద మాంసానికి చోటు లేదు, అమ్మడం చట్టవిరుద్ధం. తోళ్ల వ్యాపారం కోసం గాడిదల వధను 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికా దేశాల కూటమి 15 ఏళ్లపాటు నిషేధించింది. మనం కనీసం ప్రతి గాడిదకూ రెండు పక్కలా, ముఖానికి ఫోటో తీసి ఫోన్లో దాచుకుందాం. ఫిర్యాదు ఇచ్చేటప్పుడు చేతిలో అదీ లేకపోతే మాట చెల్లడం లేదు.

శిబిరానికి వచ్చిన పశువైద్యులకు, మంచుపెట్టెలో టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య కాపాడిన కాంపౌండరు గారికి, బొంతలు కుట్టిన మహిళా సభ్యులకు, నీళ్ల ట్యాంకరు పంపిన దాతకు, టీ కొట్టు వారికి, గీతలు కొట్టిన పెయింటరు తమ్ముడికి, గడ్డి ఇచ్చిన రైతులకు పేరుపేరునా కృతజ్ఞతలు. సంబంధిత అధికారికి మూడుసార్లు అర్జీ పెట్టాం. “గాడిదలకు పద్దు లేదు” అన్న జవాబు మాత్రం వచ్చింది. పేర్లు రాయించుకుని రాని వాలంటీర్ల జాబితా నా దగ్గరుంది, ఇక్కడ చదవను.

జమాఖర్చులు కోశాధికారి పంచిన కాగితంలో ఉన్నాయి, ఆడిట్ అయింది. ఎక్కువ ఖర్చు టీకాలకు, నూలు గుడ్డకు.

ఇంకో మాట. గాడిద బాధను దాచుకునే జంతువు. ఒక పూట మేత ముట్టకపోతే మర్నాటిదాకా ఆగకండి. ఆకలితో ఉంటే ఒంట్లో కొవ్వు కరిగి రక్తంలోకి చేరి రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. మన డాక్టరుగారు రాత్రయినా ఫోన్ ఎత్తుతారు.

టీకా తదుపరి విడత తేదీ నోటీసు బోర్డులో పెడతాం. వచ్చేటప్పుడు బొంత విప్పి తెండి, చందా బాకీ ఉన్నవాళ్లు అదీ తెండి.

ఇట్లు,
కార్యదర్శి