ఒసేయ్ సత్యా, ఇది ఫోన్లో చెప్పేది కాదు

కాకినాడ,
కార్తీక సోమవారం, సాయంత్రం

ఒసేయ్ సత్యా,

ముందు నాలుగు తిట్లు తిట్టేసెయ్, తర్వాత చదువుదువుగాని. శ్రావణంలో రాస్తానన్న ఉత్తరం కార్తీకంలో రాస్తున్నాను. మధ్యలో రెండుసార్లు మొదలెట్టి చింపేశాను. ఒకటి మరీ ఏడుపుగా వచ్చింది, ఇంకోటి మా ఆఫీసు నోట్‌లా వచ్చింది. ఫోన్ చేసి ఏడవొచ్చుగా అంటావు. నువ్వు ఫోన్ స్పీకర్లో పెట్టి పోపు వేసుకుంటావు, అన్నయ్యగారు పేపరు చదువుతున్నట్టు నటిస్తూ మొత్తం వింటారు. ఉప్మా కేసు ఊరంతా పాకింది అలాగే కదా! ఇది మాత్రం ఆయన చెవిన పడకూడదు. చదివాక బియ్యం డబ్బాలో దాచెయ్.

మామూలు సంగతులు గబగబా చెప్పేస్తాను. చిన్నాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. ఈయన మోకాలి నొప్పి అలాగే ఉంది, నడక మానేశారు గానీ సణుగుడు మానలేదు. నాకు బ్రాంచి మారింది, ఇక రామచంద్రపురం బస్సు గోల లేదు. వానలకి వంటింటి గోడ చెమ్మెక్కింది. అంతే.

ఇక అసలు సంగతి. నేను మొహానికి బొటాక్స్ చేయించుకున్నాను, అదే, ముడతలు పోవడానికి వేసే సూది.

నువ్వు ఇప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నావని నాకు ఇక్కణ్ణించే తెలుస్తోంది. పెట్టుకో. మా అన్నయ్య కూతురి నిశ్చితార్థం ఫొటోలు నీకు పంపాను గుర్తుందా? అందులో నన్ను చూసి నువ్వు 'ఎవరిమీదే అంత కోపం' అని పెట్టావు. నాకు కోపం లేదే బాబూ, కెమెరా లైటు కళ్లలో పడింది. కానీ రెండు కనుబొమ్మల మధ్య పదకొండు అంకె వేసినట్టు రెండు గీతలు. మా వదిన ఊరుకుందా? 'ఏంటి, సంబంధం నచ్చలేదా?' అని అందరి ముందూ అడిగింది. ఆ రాత్రి అద్దం ముందు నిలబడి ఆ గీతల్ని వేళ్లతో సాగదీసి చూసుకున్నాను. సాగదీస్తే మళ్లీ మూడో బెంచీలో కూర్చున్న మొహమే! వదిలేస్తే ఆడిటర్ మొహం.

సరే, ఈయనకి చెప్పకుండా ఒక చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. మా చిన్నాడి కంటే ఓ నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది, అంతే. మొహం మీద లైటు వేసి చూసి, 'మీరు రోజూ బస్సులో ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంటారా ఆంటీ?' అంది. నేను ఠారెత్తిపోయాను. పొద్దున పల్లెవెలుగు ఎక్కి, ఎండ మొహాన కొడుతున్నా గాలి కోసం ఆ సీటే పట్టుకునేదాన్ని కదా. ఎడమ బుగ్గ మీద మంగు ఎక్కువ, కంటి పక్క గీతలూ ఎక్కువ. 28 ఏళ్లు లారీ నడిపిన ఒకాయన ఫొటో చూపించింది, 2012లో అమెరికాలో డాక్టర్ల పత్రికలో వేశారట. ఒక మనిషి మొహంలో సగం కొడుకుదీ సగం తండ్రిదీ అతికించినట్టుంది. వాళ్ల లారీల్లో డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడుగా, అద్దంలోంచి వచ్చే ఎండ ఆ వైపు చర్మాన్ని ముడతలు చేసి వేలాడేసింది. ముసలితనం అని మనం ఏడ్చేదాంట్లో చాలా భాగం ఎండేనట. ముప్ఫయ్యో ఏటి నించీ రోజూ సన్‌స్క్రీన్ రాసుకుని ఉంటే సగం పని తప్పేదంది. రాసుకోవడమంటే మనలా బొట్టు పెట్టినట్టు కాదు, చూపుడువేలూ నడిమివేలూ పొడుగునా పిండుకుని మొహానికీ మెడకీ రాయాలట. ఆస్ట్రేలియాలో తొమ్మిదివందల మంది పైచిలుకు మీద నాలుగున్నరేళ్లు చూశారు, రోజూ రాసుకున్నవాళ్ల చర్మం 24 శాతం తక్కువ ముదిరింది అని చెప్పింది. మా చిన్నప్పుడు సున్నిపిండి తప్ప ఏముందమ్మా అన్నాను. సున్నిపిండి మంచిదే, ఎండని ఆపదు అంది.

ఆ, మర్చిపోకుండా ఇక్కడే రాస్తున్నాను. నువ్వు మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఆ తెల్లటి ట్యూబుతో జాగ్రత్త. నీ పేరు చెప్పకుండా అడిగాను. అలాంటి వాటిల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుందట. మొదట్లో మొహం నిగనిగలాడిస్తుంది, నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి, ఎర్రబడి, మానేస్తే మండుతుంది. పొయ్యి దగ్గర మొహం మండుతోందని నువ్వన్నావు చూడు, అది మెనోపాజ్ కాకపోవచ్చు. డాక్టరుకి చూపించి మానెయ్, నీ అంతట నువ్వు ఒక్కసారిగా మానకు.

ఎక్కడున్నాను? ఆ, సూది.

ఇది విషమే తెలుసా. పాడైపోయిన డబ్బా ఆహారంలో పుట్టే సూక్ష్మజీవి విషం. దాన్ని ఇసుమంత కండలో వేస్తే, కదులు అని నరం పంపే కబురు కండకి చేరదు. కండ ముడుచుకోదు, కాబట్టి గీత పడదు. ముందు మెల్లకన్నుకి వాడేవారట, అమెరికాలో 1989లో అనుమతి ఇచ్చారు. మీ తమ్ముడు అప్పుడు నాలుగో క్లాసు కదా, పాపం, వాడికి కన్నుకి గుడ్డ కట్టించి తిప్పారు! కెనడాలో వాంకూవర్‌లో ఒక కళ్ల డాక్టరమ్మ, కన్ను అదిరేవాళ్లకి ఈ మందు వేస్తుంటే, వాళ్ల కనుబొమ్మల మధ్య గీతలు పోతున్నాయని తెలిసింది. వాళ్లాయన చర్మం డాక్టరు. ఇద్దరూ కలిసి తమ క్లినిక్ రిసెప్షనిస్టుకి వేసి చూశారట. నాకైతే ఆ రిసెప్షనిస్టు మీదే జాలి. కాదంటే ఉద్యోగం ఉంటుందా? గీతలకి అని అమెరికాలో అధికారికంగా అనుమతి వచ్చింది 2002లో.

నాకు మొత్తం 30 యూనిట్లు. కనుబొమ్మల మధ్య అయిదు చోట్ల 20, నుదుటి మీద అక్కడక్కడా 10. యూనిట్ 400. పన్నెండువేలు అనుకుని ఏటీఎంలో తీసుకెళ్తే బిల్లు 14,160! సోకుల కోసం చేయించుకునేది వైద్యం కింద రాదట, జీఎస్టీ 18 శాతం. బ్యాంకులో పనిచేస్తూ నాకిది తట్టలేదు చూడు. నొప్పి చీమ కుట్టినంతే. నాలుగు గంటలు పడుకోవద్దు, తల వంచొద్దు, రుద్దొద్దు అంది. ఆ సాయంత్రమే ఎదురింట్లో పేరంటం. కాళ్లకి పసుపు రాస్తుంటే కొయ్యబొమ్మలా నిటారుగా కూర్చున్నాను. ఆవిడ 'మెడ పట్టిందా అండీ' అని జండూబామ్ తెచ్చిచ్చింది.

పెళ్లికి సరిగ్గా పది రోజుల ముందు చేయించుకున్నాను, అదీ నా బుద్ధి. పూర్తిగా పట్టడానికి రెండు వారాలు పడుతుందని ఆవిడ చెప్పనే చెప్పింది, నెల ముందు రావాల్సింది అంది కూడా. నేనే వినలేదు. నాలుగో రోజుకి గీతలు మాయం. అబ్బ, ఎంత మురిసిపోయానో! ఆరో రోజు పొద్దున అద్దంలో చూసుకుంటే కుడి కనుబొమ్మ చివర నెత్తికెక్కి ఉంది. ఒక్కటే. నుదురు మధ్యలో కండ పడుకుంది, ఆ చివర పడుకోని కండ మొత్తం బరువు తనే లాగేస్తోంది. ఎడమది బుద్ధిగా ఉంది.

సత్యా, అచ్చం క్వశ్చన్ మార్కు మేడం! మనం హోంవర్కు చేశామంటే ఆవిడ ఒక కనుబొమ్మ ఎత్తి చూసేది చూడు, అదే. నాకు తెలియకుండా నా మొహం మీదకి వచ్చి కూర్చుంది.

కౌంటర్లో కూర్చుంటే ఒక రైతు తాకట్టు నగలు తెచ్చాడు. నానుతాడూ, రెండు గాజులూ. నేను మామూలుగా కాగితాలు చూస్తున్నాను. ఆయన కాసేపు ఓర్చుకుని, 'మేడమ్ గారూ, మా అమ్మగారి వస్తువండీ ఇది, గిల్టు కాదండీ. ఎందుకండీ అలా చూస్తారు?' అన్నాడు. నేను కంగారుగా లేదండీ లేదండీ అంటే కనుబొమ్మ ఇంకా పైకి లేచింది. ఆయన మేనేజరు దగ్గరికి వెళ్లిపోయాడు.

పెళ్లిలో సరేసరి. విడిదికి టిఫిన్లు పట్టుకెళ్లి, బాగున్నాయా వదినగారూ అని పెళ్లికొడుకు తల్లిని అడిగాను. ఆవిడ ఇడ్లీ కింద పెట్టేసి, 'మేమూ తిన్నవాళ్లమేనమ్మా' అంది. అన్నయ్య నన్ను పక్కకి లాగి, దండం పెడతాను, నువ్వు వంటల దగ్గర ఉండు అన్నాడు. ఆల్బమ్ వచ్చాక నీకు పంపను. చచ్చినా పంపను.

ఇంతవరకూ నవ్వుకో. ఇక్కణ్ణించి రాయడానికే రెండుసార్లు చింపింది.

అమ్మ సంగతి నీకు తెలుసుగా, చెవులు దాదాపు పోయాయి. మిషను గుయ్యిమంటోందని సొరుగులో పడేసింది. మా మాటల్ని పెదాల మీద చదువుతుంది. పెదాల కంటే ఎక్కువ కనుబొమ్మల మీద చదువుతుందని నాకు ఈ గొడవలోనే తెలిసింది. ఆలోచించు, 'తిన్నావు', 'తిన్నావా' – పెదాల మీద ఆ చివరి ముక్కేగా తేడా. అడుగుతున్నానో చెబుతున్నానో ఆవిడకి నా నుదురే చెప్పాలి. నా నుదురేమో పలక. 'మాత్ర వేసుకున్నావా' అని అడిగితే 'వేసుకున్నానంటే నమ్మవేమే?' అని గిన్నె విసురుగా పెట్టింది. తర్వాత రెండు రోజులు అడిగినదానికి జవాబే చెప్పలేదు. పెళ్లి హడావుడి కదా, అలిగింది, తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

పెళ్లికి ముందు రోజు రాత్రి, అందరం హాల్లో చాపల మీద పడుకున్నాం. రెండింటికో ఎప్పుడో మెలకువ వచ్చింది. అమ్మ నా పక్కన కూర్చుని, ఫోన్ టార్చి నా మొహం మీద వేసి చూస్తోంది. లేచి కూర్చున్నాను. 'నవ్వవే' అంది. ఏంటమ్మా అన్నాను. 'నవ్వు. నవ్వమంటుంటే.' నవ్వాను. నోటి రెండు చివరలూ వేలితో తడిమి చూసింది. 'చేతులెత్తు. రెండూ.' ఎత్తాను. 'నీ పేరు చెప్పు.' నాకు అప్పుడు వెలిగింది.

నాన్నకి పక్షవాతం వచ్చిన రోజు నీకు గుర్తుందో లేదో. ఆ పొద్దున నాన్న మొహం ఒక పక్క తేడాగా ఉందని ముందు అన్నది అమ్మే. నిద్ర చాలలేదేమోలే అన్నది నేను. మధ్యాహ్నానికి తీసుకెళ్తే, నాలుగున్నర గంటల్లోపు తెచ్చి ఉంటే మందు ఎక్కించి చూసేవాళ్లం అన్నారు పెద్దాసుపత్రిలో. నవ్వమనాలి, చేతులెత్తమనాలి, మాట్లాడించాలి అని వాళ్లు చెప్పింది అమ్మకి నేనే కాగితం మీద రాసి చూపించాను. తొమ్మిదేళ్లయింది. ఆ కాగితం ఆవిడ దగ్గర ఇంకా ఉందనుకుంటాను.

నాలుగు రోజుల నించీ నా మొహమే చూస్తోందట. పెళ్లి ఇంట్లో అపశకునం అని ఎవరికీ చెప్పలేదు. రాత్రిళ్లు లేచి ఇలా టార్చి వేసి

ఉండు, కళ్లజోడు తుడుచుకుని వస్తాను.

చెప్పక తప్పింది కాదు. నాకేం కాలేదమ్మా, డబ్బులిచ్చి చేయించుకున్నాను అని ఫోన్లో పెద్దక్షరాలతో టైపు చేసి చూపించాను. చదివింది. మళ్లీ చదివింది. కొడుతుందేమో అనుకున్నాను. 'ఎంత?' అంది. 1,400 అని కొట్టాను. అబద్ధమే, కానీ ఆ టైములో పధ్నాలుగువేలు చెప్పగలనా నువ్వే చెప్పు. 'పద్నాలుగు వందలు పోసి మొహం వంకర చేయించుకున్నావా!' అని ఒక్క కేక. చెవిటావిడ కేకంటే తెలుసుగా. హాలంతా లేచింది. మా వదిన లేచింది. ఇక ఎవరికి తెలియాలి?

పధ్నాలుగో రోజు మళ్లీ వెళ్తే డాక్టరమ్మ ఆ కనుబొమ్మ పైన రెండు యూనిట్లు వేసింది, నాలుగైదు రోజుల్లో దిగింది. డబ్బులు తీసుకోలేదు. అమ్మ సంగతి చెప్పాను. పక్షవాతంలో మామూలుగా నోరు జారుతుంది, నుదురు చాలావరకు బాగానే ఉంటుంది, మీ అమ్మగారు నోరే తడిమి చూశారు చూడండి అంది. బుగ్గలు నిండుగా కనపడడానికి వేసే సూది, ఫిల్లర్ అంటారట, అది కూడా ఉందంది. దాంట్లో సూది తప్పి రక్తనాళంలోకి పోతే చూపు పోయిన కేసులు ఉన్నాయని తనే చెప్పింది. చాలు తల్లీ అని లేచొచ్చాను. రాత్రిపూట రాసుకోమని ఒక క్రీమ్ ఇచ్చింది, మొదటి మూడు వారాలు మూతి చుట్టూ ఉల్లిపొరలా ఊడింది. ఇప్పుడు బాగుంది.

నిజం చెప్పనా? కనుబొమ్మ దిగాక నాకు ఆ మొహం నచ్చింది. సిగ్గులేదనుకో. పొద్దున్నే అద్దంలో ఎవరూ నన్ను కసురుకోవడం లేదు. కానీ అమ్మతో మాట్లాడాలంటే చెయ్యి తిప్పి అడగడం అలవాటు చేసుకున్నాను, ప్రశ్నైతే చెయ్యి వెల్లకిలా. మూడు నెలలు అలాగే నడిపాం.

మొన్న నాగులచవితి ముందు రోజు చలిమిడి చేస్తూ, బెల్లం ఎక్కువైందా అని అడిగాను. చేతులు పిండిలో ఉన్నాయి, చెయ్యి తిప్పలేదు. 'ఎక్కువ కాలేదులే' అంది. తలెత్తి నన్ను చూసి, పిండి బొటనవేలు నా కనుబొమ్మల మధ్య ఆనించి, 'వచ్చేసింది' అంది.

క్లినిక్ నించి మెసేజ్ వచ్చింది, నాలుగో నెల, మళ్లీ రమ్మని. కార్తీకమాసం కదా అని వాయిదా వేశాను, మార్గశిరంలో ఏం సాకు చెప్పాలో తెలీదు. చేయించుకుంటే నుదురు వదిలేసి ఒక్క మధ్యలోనే వేయించుకోవచ్చట. అప్పుడు కనుబొమ్మలు పైకి లేస్తాయి, ముడిపడవు. అంటే అమ్మకి ప్రశ్నలు అందుతాయి, కోపం అందదు. నువ్వేమంటావు? తిట్టకుండా ఆలోచించి

పక్కింటి కుర్రాడు వచ్చేశాడే. వాడు నాగపూర్ వస్తున్నాడు, సామర్లకోటలో రైలు అందుకోవాలి, బండి స్టార్టు చేసి హారన్ కొడుతున్నాడు. సంచిలో గోంగూర పచ్చడి సీసా, కాజాలు, రెండు సన్‌స్క్రీన్ ట్యూబులూ పెట్టాను. పచ్చడి సీసా మూత సరిగ్గా పడలేదు, నిలబెట్టే