పలుపు వేరు, కళ్ళెం వేరు

ఒరేయ్ సూరీ,

మొన్న ఫోన్లో మీ అమ్మాయి గుర్రపు స్వారీ క్లాసు గురించి చెబుతూ హాల్టర్‌ని తెలుగులో ఏమంటారని అడిగితే, తొందరలో కళ్ళెం అనేశాను. తప్పు చెప్పాన్రా, అప్పట్నించీ మనసులో పీకుతోంది. కళ్ళేనికి ఉండే ఇనుప ముక్క గుర్రం నోట్లోకి వెళ్తుంది, ఎక్కి స్వారీ చేసేవాళ్ళకి అది కావాలి. హాల్టర్‌కి నోట్లో పెట్టేదేమీ ఉండదు, తలకి తొడిగి నడిపించుకెళ్ళడానికీ కట్టేయడానికీ మాత్రమే. పనిని బట్టి చూస్తే మన పలుపుకే దగ్గర, కాకపోతే పలుపు మెడకి, అది తలకి.

పలుపు అనగానే నాకు వసారాలో గోగునార పేనుతున్న తాతయ్యే కనబడతాడు. మన కొట్టంలో ఏ తాడు పేరు దానిదే కదరా. పలుపు గుంజకి కట్టేయడానికి, అంతవరకే. ముకుతాడు ముక్కు కుట్టి ఎక్కించి కొమ్ముల వెనక ముడేసేది. మా కోడెకి ముక్కు కుట్టినరోజు నువ్వు చూడలేక గోడ దూకి పారిపోయావు, గుర్తుందా? పేపర్లో 'ధరలకు ముకుతాడు' అని చదివినప్పుడల్లా నాకు ఆ కోడె అరుపే వినబడుతుంది, అంత కటువైన మాట అది. ఇక పగ్గం, ఆ ముకుతాడుకి కట్టి తోలేవాడు చేత్తో పట్టుకునేది. అందుకే 'పార్టీ పగ్గాలు చేపట్టాడు' అన్న వాడుక నాకు భలే ఇష్టం, ఎవరి చేతిలో ఏముందో ఒక్క మాటలో తెలిసిపోతుంది.

'అందరినీ ఒకే గాట కట్టొద్దు' అంటామే, ఆ గాట పశువుల్ని కట్టేసే చోటే. పొడిచే ఎద్దుని చూలు గేదె పక్కన కడతామా!

దామెన మర్చిపోయాను, దూడల్ని వరసగా కట్టే పొడుగాటి తాడు. సంస్కృతంలో దామం అన్నా తాడే, యశోద పొట్టకి తాడు కట్టింది కాబట్టే కృష్ణుడు దామోదరుడయ్యాడు. ఎన్ని తాళ్ళు కలిపినా రెండంగుళాలు తక్కువొచ్చిన కథ మీ అమ్మాయికి తప్పకుండా చెప్పు.

ఇలాంటి రైతుల మాటల్ని జిల్లా జిల్లాకీ తిరిగి సేకరించి, భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లోనే వ్యవసాయ పదాల కోశం వేశారు. అప్పటికి ప్రతి ఊళ్ళో కొట్టాలున్నాయి, అడిగితే చెప్పేవాళ్ళున్నారు. ఇప్పుడు మా వీధి మొత్తానికి రెండే గేదెలు, వాటికీ నైలాన్ తాళ్ళే.

అటక మీద మా ఎద్దుల మువ్వల పట్టెడ ఒకటి దొరికింది. అమ్మమ్మ మెడలో బంగారు పట్టెడ ఉండేదే, అదే మాట, ఇది తోలుది. దాని తోలు పట్టీ ఒకచోట తెగింది, చెప్పులు కుట్టే ఆయనకి ఇచ్చి కుట్టించాలి. తోలు బిగుసుకుపోతే రోజూ కాస్త ఆముదం రాస్తున్నాను. సంక్రాంతికి వస్తావుగా, అప్పటికి మెత్తబడుతుంది, మీ అమ్మాయికి ఇద్దాం.

నీ
శీను