మన సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది దురద మీదే పడ్డాం

సభ్యులందరికీ నమస్కారం.

మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బంటే క్రియాటినిన్ (కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) ఎంతుంది, డయాలసిస్ వారానికి రెండా మూడా, పింఛను పడిందా, ఇవే మాట్లాడుకుంటాం. ఒంటి దురద సంగతి ఎవరూ ఎత్తరు. ఈ ఏడాది కవిటి, సోంపేట, పలాస వైపు సభ్యుల ఇళ్లకి తిరిగితే మాత్రం చాలామంది ముందు చెప్పింది అదే: రాత్రిళ్లు నిద్ర లేదు, వీపు మీద చెయ్యి అందక దువ్వెనతో గోక్కుంటున్నాం అని. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, సంతోషమే, కానీ అక్కడికి వెళ్లి కూడా "ఇంత చిన్నదానికి డాక్టర్ని ఏం అడుగుతాం" అని నోరు మెదపకుండా వచ్చేస్తున్నారు. అడగండి.

ఇది గజ్జి కాదు, తామర కాదు, ఎవరికీ అంటుకోదు. కొన్ని ఇళ్లలో మనిషికి కంచం, దుప్పటి వేరు చేశారు, కూర్చుని నచ్చజెప్పాల్సి వచ్చింది. చర్మం ఎండిపోవడం, రక్తంలో మలినాలు మిగిలిపోవడం, ఫాస్ఫరస్ పెరగడం, నరాల్లో మార్పులు, ఇవన్నీ కలిసి పుట్టించే దురద ఇది. మెడికల్ షాపువాళ్లు ఇచ్చే స్టెరాయిడ్ ట్యూబుతో పోదు, వాడగా వాడగా చర్మం పల్చబడుతుంది. అలర్జీ మాత్రతో మగత వస్తుంది గానీ చాలామందికి దురద పెద్దగా తగ్గదు.

బాగా పనికొచ్చింది ఆహారం మీద పెట్టిన మీటింగే. భోజనంతో పాటు వేసుకోవాల్సిన ఫాస్ఫరస్ తగ్గించే మాత్రని సగంమంది పరగడుపునే మింగేస్తున్నారని అక్కడే బయటపడింది. అది అన్నంలో, కూరలో ఉన్న ఫాస్ఫరస్‌ని పొట్టలోనే పట్టేసే మందు, ఖాళీ కడుపున వేస్తే దండగ. ఫాస్ఫరస్ ఎక్కువుండే ఎండు చేపలు, కోలా డ్రింకులు, జీడిపప్పు తగ్గించమంటే ఒక పెద్దాయన "జీడితోటలోనే పుట్టాం, ఇప్పుడు పప్పు ముట్టొద్దంటే ఎలాగండీ" అన్నారు. ఆయన బాధ నిజమే, అయినా తగ్గించాల్సిందే.

ఇంట్లో చేసుకోగలిగింది: వేడివేడి నీళ్లు వద్దు, గోరువెచ్చగా త్వరగా స్నానం చేసి, ఒళ్లు తడి ఆరకముందే కొబ్బరినూనో వాజలీనో పట్టించడం. డయాలసిస్ రోజు ఫిస్టులా చేతికి (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి కుట్టిన చెయ్యి) మాత్రం రాయకండి, అక్కడ గోకకండి కూడా, ఇన్‌ఫెక్షన్ వస్తే ఆ చెయ్యే పనికిరాకుండా పోవచ్చు. గాబాపెంటిన్ అనే నరాల మందు కొందరికి బాగా పనిచేస్తోంది, కానీ కిడ్నీ పేషెంట్లకి డోసు చాలా తక్కువ. పక్కింటాయన చీటీ చూసి కొనుక్కుంటే తూలి పడతారు. 2021లో అమెరికాలో డయాలసిస్ దురదకని డిఫెలికెఫాలిన్ ఇంజెక్షన్‌కి అనుమతి ఇచ్చారు, దాని గురించి చాలామంది అడిగారు, ముందు మీ ఫాస్ఫరస్ రిపోర్టు చూపించుకోండి.

గోరు మొదట్లో తెల్లగా, కొసవైపు గోధుమ రంగులో ఉంటే కంగారు పడక్కర్లేదు, కిడ్నీ రోగుల్లో కనిపించేదే. తొడల మీదో పొట్ట మీదో ఊదారంగు మచ్చలు లేచి విపరీతంగా నొప్పి పెడుతూ పుండు పడితే అది వేరే, ప్రమాదం, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

జమాఖర్చుల కాగితం ఆఫీసు గోడకి అంటించాం. ఎక్కువ ఖర్చు ఆటోలకీ, కరపత్రాలకీ అయింది. వచ్చే ఏడాది చర్మం డాక్టరునీ కిడ్నీ డాక్టరునీ ఒకే రోజు పిలిపించాలని చూస్తున్నాం, చందా బాకీ ఉన్నవాళ్లు ఈలోగా కట్టేయండి.