రాంబాబూ, ఆ పిల్లికి అడ్వాన్స్ ఇచ్చేముందు

ఒరేయ్ రాంబాబూ,

చిట్టితల్లికి సవన్నా పిల్లో బెంగాల్ పిల్లో కొందామని, అడ్వాన్స్ ఇచ్చెయ్యమంటావా అని అడిగిన నీ వాయిస్ మెసేజ్ విన్నాను. పక్కనుంచి చిట్టితల్లి "సవన్నానే కావాలి నాన్నా" అని అరవడం కూడా వినిపించింది. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని కూర్చుని రాస్తున్నాను. చెల్లెమ్మకి కూడా చదివి వినిపించు. రేపు ఆ పిల్లి ఇంటికొస్తే పగలంతా దాని వెనకాల తిరగాల్సింది తనే కదా.

ముందు సవన్నా సంగతి తేల్చేద్దాం. వద్దురా. ఆఫ్రికా గడ్డి మైదానాల్లో తిరిగే సర్వల్ అనే పొడుగుకాళ్ల అడవిపిల్లితో ఇంటిపిల్లిని కలిపి పుట్టించిన జాతి అది. మొదటి కూన 1986లో అమెరికాలో పుట్టింది. ఇంటిపిల్లి సుమారు 65 రోజులు కడుపు మోస్తుంది, సర్వల్ 74 రోజుల దాకా మోస్తుంది. రెండింటికీ లెక్క కుదరక మొదటి తరం కూనలు నెలలు నిండకుండా పుట్టడం, చనిపోవడం మామూలే. ఆస్ట్రేలియా వాళ్లయితే తమ అడవి జంతువులకి ముప్పని 2008లోనే సవన్నాల దిగుమతి నిషేధించారు. నీ ఇల్లు చూస్తే ఉండిలో, చుట్టూ చెరువులు. ఎత్తుకి ఎగిరే జంతువుని ఎక్కడ ఆపుతావు?

ఇక బెంగాల్. ఇది నేను రోజూ చూస్తున్నది కాబట్టి నిండుగా రాస్తాను.

మా బెంగాల్ పిల్లి చుక్కి ఎలా ఉంటుందని అడిగావు. ఎండలో పడుకున్నప్పుడు దాని వీపు మీద వెంట్రుకల చివర్లు బంగారం రజను చల్లినట్టు మెరుస్తాయి. పొట్ట కింద కూడా మచ్చలే. ఫొటోలో కనపడేది ఇంతే, అసలు జంతువు వేరే. బాత్రూమ్‌లో కుళాయి తిప్పిన చప్పుడైతే చాలు, ఎక్కడున్నా వచ్చేస్తుంది. బకెట్లో ముందు ఒక చెయ్యి ముంచి, తీసి నాకి, ఈసారి మోచేతి దాకా ముంచుతుంది. చెంబు తేలుతుంటే దాన్ని కొట్టి కొట్టి మునిగేదాకా వదలదు. తెల్లవారుజామున ఇంట్లో అందరూ పడుకున్నప్పుడు అటక మీద నుంచి బీరువా మీదకి, అక్కడి నుంచి మంచం మీదకి దూకుతుంది. దాని గొంతు మామూలు మ్యావ్ కాదురా, వీధి చివరికి వినపడుతుంది. పొద్దున్నా సాయంత్రం కూర్చుని ఆడించాలి. ఆడించని రోజు కిటికీ గొళ్లెం తీస్తుంది, కర్టెన్ చింపుతుంది. దాన్ని అల్లరి అని తిట్టడం అన్యాయం. వేటాడే ఒంటికి పని లేకపోతే అలాగే ఉంటుంది.

ఈ నీళ్ల పిచ్చి ఎక్కడిదో తెలుసా? బెంగాల్ జాతికి మూలం ఆసియా చిరుతపిల్లి. ఇంటిపిల్లంత సైజే, బాగా ఈదుతుంది. అమెరికాలో జీన్ మిల్ అనే ఆవిడ 1963లోనే దాన్ని ఇంటిపిల్లితో కలిపింది. తర్వాత సెంటర్‌వాల్ అనే పరిశోధకుడు పిల్లుల లుకేమియా మీద పనిచేస్తూ పుట్టించిన సంకర కూనల్ని తెచ్చుకుని ఆవిడ మళ్లీ మొదలుపెట్టింది. ఇంట్లోనే చుక్కల పిల్లి తిరుగుతుంటే జనం అడవి పిల్లుల తోలు కోట్లు తొడుక్కోవడం మానేస్తారని ఆవిడ ఆశ. 1986లో టీఐసీఏ అనే అంతర్జాతీయ పిల్లుల సంఘం దీన్ని కొత్త జాతిగా గుర్తించింది. ఆవిడ ఉద్దేశం నాకు నచ్చుతుంది. ఇవాళ బేరం చేసేవాళ్లు "ఇందులో అడవి రక్తం ఎక్కువ సార్" అని గొప్పగా చెప్పి రేటు పెంచడమే నచ్చదు.

అమ్మేవాడు "ఎఫ్ వన్" అంటే తల్లిదండ్రుల్లో ఒకటి అచ్చంగా అడవి జంతువని అర్థం. ఎఫ్ టూలో అడవి వాటా పావు, ఎఫ్ త్రీలో అర్ధపావు. ఈ మొదటి తరాల్లో బెదురు ఎక్కువ, ఇల్లంతా మూత్రం చిమ్మే అలవాటు ఎక్కువ, మగవాటికి మామూలుగా పిల్లలు పుట్టరు. పిల్లలున్న ఇంట్లో పెంచదగ్గది కాదు. మూడు నాలుగు తరాలుగా బెంగాల్‌కి బెంగాల్ కలిసి పుట్టినదైతేనే ఆలోచించు. ఇంకో మాట, చిరుతపిల్లి మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువు. అడవి నుంచి తెచ్చిన కూననే బెంగాల్ అని అంటగట్టరని ఏమిటి నమ్మకం? కాగితాలు చూపించకుండా నసిగితే అక్కడి నుంచి లేచి వచ్చెయ్. తల్లిదండ్రులకి రక్తహీనత తెచ్చే పీకే డెఫిషియెన్సీ, చూపు పోయే పీఆర్ఏ టెస్టులు చేయించారా, గుండె స్కానింగ్ చేయించారా అని గట్టిగా అడుగు. ఈ జాతికి ఈ జబ్బులున్నాయి.

తిండి దగ్గర చెల్లెమ్మకి ఒక్క మాట. పులస పులుసు ముక్క పెట్టేద్దామని ముచ్చటపడుతుంది, వద్దని చెప్పు. ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషం. రోజూ పచ్చిచేపలు పడేసినా మంచిది కాదు, కొన్ని చేపలు ఒంట్లో బీ వన్ విటమిన్‌ని విరిచేస్తాయి. మేము పిల్లుల ఫీడ్, దాంతో ఉప్పూకారం లేని ఉడికిన చికెన్ పెడతాం. కుక్కల ఫీడ్ మాత్రం పనికిరాదు, పిల్లికి టారిన్ అనే పోషకం తప్పనిసరి, అది లేకపోతే గుండె, కళ్లు దెబ్బతింటాయి.

అన్నిటికంటే నేను బతిమాలి చెప్పేది ఇదిరా. దాన్ని బయటికి వదలొద్దు. మేము వరండా మొత్తానికి పైకప్పు దాకా ఇనప జాలీ కొట్టించాం, లోపల కొబ్బరి తాడు చుట్టిన గుంజ పాతాం. గేటు అవతల చుక్కికి ప్రాణభయమన్నది ఒకటి. దానివల్ల మిగతావాటికి వచ్చే నష్టం ఇంకొకటి. మీ చెరువు గట్ల మీద రాత్రిళ్లు టార్చి వేస్తే మన అడవిపిల్లి (జంగిల్ క్యాట్) కళ్లు మెరవడం నువ్వు చూసినవాడివే. ఎలకల్ని పట్టి రైతుకి మేలు చేసేది అదే. ఇంటిపిల్లులు దాంతో జతకట్టగలవు, పిల్లుల రోగాలూ అంటించగలవు. ఇక్కడ ముమ్మిడివరం నుంచి యానాం బ్రిడ్జి దాటితే కోరంగి మడ అడవులు. అక్కడి నీటిపిల్లి (ఫిషింగ్ క్యాట్), చుక్కి వంశంలోని చిరుతపిల్లి దగ్గరి చుట్టాలు, రెండూ ప్రయోనైల్యూరస్ అనే ఒకే ప్రజాతివే. నీటిపిల్లి ఇంటిపిల్లికి దాదాపు రెట్టింపు ఉంటుంది, వేళ్ల మధ్య పొర ఉంటుంది, నీళ్లలో దూకి చేప పడుతుంది. ప్రపంచంలో అది తగ్గిపోతోంది. అలాంటిది మన గోదారి చివర ఇంకా బతికుందంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. చిట్టితల్లికి అడవి పిల్లి మీద అంత ప్రేమ ఉంటే మొదట చూపించాల్సింది కోరంగి.

కాబట్టి అడ్వాన్స్ ఇవ్వొద్దు. ఈ సెలవులకి ముగ్గురూ చించినాడ బ్రిడ్జి మీదుగా వచ్చెయ్యండి. చిట్టితల్లి రెండు రాత్రులు చుక్కి ఉన్న గదిలోనే పడుకుని, తెల్లారగట్ల లేచి దాన్ని ఆడించాలి. మధ్యలో ఒకరోజు కోరంగిలో చెక్క బాట మీద నడిచొద్దాం. అప్పటికీ బెంగాలే కావాలంటే అమ్మేవాళ్ల దగ్గరికి నేనూ వస్తాను, కాగితాలు ఇద్దరం చూద్దాం. వద్దనుకుంటే మా వీధిలో ఒక తల్లి నాలుగు బూడిదరంగు కూనల్ని పెట్టింది, వాటికి ఇల్లు కావాలి. టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ నేను దగ్గరుండి చేయిస్తాను.

వచ్చేముందు ఫోన్ చెయ్యి. మా ఆవిడ పూతరేకులు తెప్పించి ఉంచుతుంది.

నీ
సత్తిబాబు